తాత ముందు తినేవాడు

మా బడిలో మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించే ముందు టీచర్లలో ఒకరు రుచి చూడాలని నియమం. దమ్మపేట మండలంలో ఓ చిన్న బడి మాది. నలుగురం టీచర్లం, వంతులు వేసుకున్నాం. మిగతా ముగ్గురికీ అదో తలనొప్పి. ఒకాయనకు షుగరు, ఇంకొకామెకు వారంలో రెండు రోజులు ఒక్కపొద్దు, మూడో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తప్ప మరొకటి ముట్టడు. అందుకని వాళ్ళ వంతులు కూడా తిరిగి తిరిగి నా మీదికే వస్తాయి. నేనూ కాదనను. వంటామె చిన్న గిన్నెలో ఇంత అన్నం, గరిటెడు పప్పు వేసి ఇస్తే తిని, వరండాలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటాను. పిల్లలు పళ్ళాలు పట్టుకుని నా వంకే చూస్తుంటారు.

"మేడం, ఇంకెంతసేపు?" అని ఎవడో ఒకడు అడుగుతాడు.

"నోరు మూసుకొని నిలబడు" అంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బడి మొత్తానికి తెలుసు.

"రుచి చూడమన్నారు గానీ కుర్చీ వేసుకొని కూర్చోమనలేదు కదా మేడం" అని షుగరాయన నవ్వుతాడు. ఆయనకు ఏమని చెప్పను? మా ఇంట్లో ముందు తినడం అంటే, తిని కూర్చోవడం. ఆ కూర్చోవడం వెనక ఏముందో నాకు తెలియడానికి పదిహేడేళ్ళు పట్టింది. తెలిశాక నేను చేసిన పని గురించే ఇదంతా.

తాత వాళ్ళ ఊరు ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉండేది. మేం కొత్తగూడెంలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న బొగ్గు బాయిలో పని చేసేవాడు. బాయి అంటే మా వైపు గని. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే నన్ను బస్సెక్కించేవాళ్ళు. జూలూరుపాడు దాటేసరికి కిటికీలోంచి వచ్చే గాలి మారేది. క్వార్టర్ల దగ్గర పొద్దస్తమానం ముక్కులో ఉండే బొగ్గు పొగ పోయి, రాలిన ఇప్పపూల తీపి వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు బస్సు దిగాలనిపిస్తుంది.

బస్సు దిగే చోట తాత నిలబడి ఉండేవాడు. వంగని నడుము, పొట్టిగా కత్తిరించిన జుట్టు, మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు. ఊళ్ళో మగవాళ్ళందరూ పంచెలు కట్టేవాళ్ళు. నిక్కరు వేసుకునే ముసలాయన మా తాత ఒక్కడే. దాని గురించి ఎవరేమన్నా పట్టించుకునేవాడు కాదు. కోడి కూయకముందే లేచి, దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడిచి, చిన్న అద్దం గుంజకు తగిలించి గడ్డం గీసుకునేవాడు. నేను పొద్దెక్కేదాకా పడుకుంటే "ఉఠో, జల్దీ" అని మంచం కోడు మీద కర్రతో కొట్టేవాడు. నాకు చిరాకొచ్చేది. ఇప్పుడు ఎవరైనా అలా లేపితే బాగుండనిపిస్తుంది.

ఇదంతా యుద్ధంలో అబ్బింది. పెళ్ళి కాకముందు తాత గోదావరి మీద వెదురు తెప్పలు నడిపే పనికి పోయాడు. అలా భద్రాచలం పోయినప్పుడు, ఆ ఒడ్డున తెల్లవాళ్ళ రాజ్యంలో పల్టన్‌లోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని, ఇంట్లో ఒక మాట కూడా చెప్పకుండా చేరిపోయాడు. బర్మా పంపించారు. నాలుగేళ్ళ తర్వాత తిరిగొస్తే వాళ్ళమ్మ గుర్తుపట్టలేదట. నాకు తెలిసిన యుద్ధం అంతే. అడిగితే బర్మాలో ఏనుగుల చేత దుంగలు మోయించడం చెప్పేవాడు, దోమల సంగతి చెప్పేవాడు. యుద్ధం మాత్రం చెప్పేవాడు కాదు.

ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వంటయ్యాక నాయనమ్మ ముందు తాతకే పెట్టాలి. అన్నం, పప్పు, కూర, పచ్చడి, చివరికి మజ్జిగ కూడా, ప్రతి దాంట్లోంచి కొంచెం కొంచెం తిని పళ్ళెం పక్కకు జరిపేవాడు. ఇక వాకిట్లో పందిరి గుంజ నీడ వైపు చూస్తూ కూర్చునేవాడు. నీడ జానెడు జరిగాక "ఊఁ, తినుండ్రి" అనేవాడు. అప్పుడు గానీ మిగతా వాళ్ళం చేయి పెట్టకూడదు. చుట్టాలొచ్చినా అంతే, పండగైనా అంతే. అన్నం చల్లారిపోయేది. మా అమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆకలికి తట్టుకోలేక వంటింటి వెనక చాటుగా బెల్లం ముక్క తినేదట. దొరికిపోతే ఆ బెల్లం డబ్బాలోంచి కూడా మొదటి ముక్క తాతే తిన్నాడట. అమ్మ ఇది చెప్పి ఇప్పటికీ నవ్వుతుంది, అప్పట్లో మాత్రం ఏడ్చిందట.

అందరూ అనుకున్నది ఒకటే, ఇది పల్టన్ బుద్ధి అని. అక్కడ పెద్ద దొరలు ముందు తింటారు కాబట్టి ఇక్కడ తాను దొర అనుకుంటున్నాడని. వరసైన వాళ్ళు "దొరగారు భోంచేసిన్రా?" అని మొహం మీదే అడిగేవాళ్ళు. తాత నవ్వి ఊరుకునేవాడు. నాన్న మాత్రం నవ్వలేకపోయేవాడు. బాయిలో ఎనిమిది గంటలు పని చేసి, బస్సులో నిలబడి వచ్చిన మనిషి. ఆయనకు ఆకలి అంటే ఏంటో తెలుసు. ఎదురుగా అన్నం పెట్టుకుని ఇంకొకరి కోసం ఆగడం ఆయనకు అవమానంగా ఉండేది. చాలా ఏళ్ళు పళ్ళు బిగబట్టి ఆగాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు పాలు, బ్రెడ్డు తప్ప ఏమీ లేదు. జ్వరం తగ్గి అన్నం పెట్టొచ్చని డాక్టరు చెప్పిన రోజు, గాలి మార్పుకని నాన్న నన్ను ఊరికి తీసుకొచ్చాడు. నాయనమ్మ కొత్త బియ్యం మెత్తగా వండి, బీరకాయ కూర చేసింది. నేను తాత పక్కనే కూర్చున్నాను. నా పళ్ళెంలో అన్నం పొగలు కక్కుతోంది. తాత ఇంకా చేతులు కడుక్కుంటున్నాడు. నేను ఆగలేదు. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాను.

తాత చెయ్యి ఎప్పుడొచ్చిందో తెలియదు. పళ్ళెం వెళ్ళి గోడకు తగిలింది. అన్నం నేల మీదా నా గౌను మీదా పడింది. నాకు దెబ్బ తగల్లేదు గానీ భయానికి గుక్కపట్టి ఏడ్చాను.

నాన్న లేచి నన్ను ఎత్తుకున్నాడు. ఆయన గొంతు పెద్దది కాలేదు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"పిల్ల మెతుకు ముట్టక మూడు వారాలాయె. దాని నోటి కాడి బువ్వ కొడ్తవా నాయనా? ఏం రాజ్యమేలినవని అందరికంటే ముందు నువ్వే తినాలె?"

నాయనమ్మ "ఊకో బిడ్డా, ఊకో" అంటోంది.

"ఇగ ఈ ఇంట్ల నేను మెతుకు ముట్ట" అన్నాడు నాన్న. "నువ్వు ఉన్నన్ని దినాలు ముట్ట."

మేం వెళ్తుంటే వెనక్కి తిరిగి చూశాను. తాత నేల మీద కూర్చుని మెతుకులు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేస్తున్నాడు.

నాన్న అన్న మాట మీద నిలబడే మనిషి. ఆ తర్వాత కూడా నెలకోసారి ఊరికి వచ్చేవాడు. వాన కాలానికి ముందు ఇల్లు కప్పేవాడు, దుక్కి దున్నేవాడు, నాయనమ్మకు మందులు తెచ్చేవాడు. తాతా నాన్నా పొలంలో పక్కపక్కనే పని చేసేవాళ్ళు. కావలసినంత వరకు మాట్లాడుకునేవాళ్ళు. కానీ నాన్న ఆ ఇంట్లో నీళ్ళు కూడా తాగేవాడు కాదు. దాహమైతే వీధిలో బోరింగు దగ్గరకు పోయి తాగేవాడు. నాయనమ్మ జొన్నరొట్టెలు, పచ్చడి మూటగట్టి ఆయన సంచిలో దాచేది. ఆయన బస్టాండులో చూసుకుని ఎవరికో ఇచ్చేసేవాడు. నాయనమ్మకు ఆ సంగతి తెలుసు, అయినా మూట కట్టడం మానలేదు. కొడుకు వచ్చిన రోజు ఆమె కూడా తినేది కాదు. అడిగితే కడుపులో బాగాలేదనేది.

ఎనిమిదేళ్ళు ఇలా గడిచాయి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ గొడవ నా పళ్ళెం వల్ల వచ్చిందని నాకు మాత్రం తెలుసు. బోరింగు దగ్గర నాన్న దోసిలి పట్టి నీళ్ళు తాగుతుంటే నాకు సిగ్గేసేది. కాసేపు ఆగి ఉంటే అయిపోయేది కదా అనుకునేదాన్ని. వాళ్ళిద్దర్నీ ఒక్కచోట కూర్చోబెట్టి అన్నం తినిపించాలని ఉండేది. అంతకంటే పెద్ద కోరిక ఆ వయసులో నాకు ఇంకోటి లేదు. పరీక్షల్లో పాసవడం కూడా దాని తర్వాతే.

ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రాసి ఊరికి వెళ్ళాను. అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. వాగు అవతల కోయగూడెంలో నా ఈడు పిల్ల ఒకతె స్నేహితురాలు ఉండేది. ఇద్దరం పొద్దున్నే ఆకు కోయడానికి పోయి, ఎండెక్కాక వాళ్ళింటికి చేరేవాళ్ళం. ఒకరోజు వాళ్ళమ్మ, నేను అత్తా అని పిలిచేదాన్ని, ఉడికించిన దుంప ముక్కలు ఆకులో పెట్టి ఇచ్చింది. పల్చటి తెల్లటి ముక్కలు, ఉప్పు వేసి ఉడికించినవి. బాగున్నాయి. ఇంకా పెట్టమని అడిగి తిన్నాను.

ఇంటికొచ్చి నాయనమ్మకు గొప్పగా చెప్పాను. "చేదు దుంప పెట్టింది అత్త. చేదే లేదు నాయనమ్మా, నువ్వెందుకు వండవు?"

నాయనమ్మ కంగారుగా వాకిలి వైపు చూసింది. ఆ దుంప పేరు ఆ ఇంట్లో ఎత్తకూడదు. నేను మరిచిపోయాను. వాకిట్లో కొడవలి నూరుతున్న తాత లేచి వచ్చాడు.

"ఎప్పుడు తిన్నవ్?"

"ఇంతకుముందే."

"ఎన్ని ముక్కలు? నాలిక సూపియ్."

చూపించాను. నా కళ్ళలోకి చూశాడు, నాడి పట్టుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో వాగు దాటి కోయగూడేనికి పరుగెత్తాడు. డెబ్బై దగ్గర పడిన మనిషి. అత్త తర్వాత నాకు చెప్పింది, ఆమెను పట్టుకుని "ఎన్ని రాత్రులు వాగుల పెట్టినవ్? నిజం చెప్పు" అని నాలుగుసార్లు అడిగాడట. మూడు రాత్రులు, బూడిద కూడా కలిపానని ఆమె ఒట్టేసినా నమ్మక, గిన్నెలో మిగిలిన ముక్క తిని చూశాడట. ఆ దుంపలో విషం ఉంటుంది. పల్చగా కోసి బుట్టలో వేసి పారే నీళ్ళలో మూడు రాత్రులు ఉంచితే గానీ అది పోదు. అడవి పక్కన ఉండేవాళ్ళకు ఇది తెలుసు. కరువు రోజుల్లో ఊళ్ళకు ఊళ్ళు ఆ దుంప మీద బతికాయి.

తాత వెనక్కి వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. చింతపండు నీళ్ళు తాగించాడు. గొంతు మండుతోందా, తల తిరుగుతోందా అని గడియకోసారి అడిగాడు. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఆయన పాదాలు చూశాక రెండూ పోయాయి. ఎండకు కాలి బొబ్బలెక్కాయి. పొద్దు వాలే దాకా అలాగే కూర్చున్నాడు. నాకేమీ కాదని నమ్మకం కుదిరాక, నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"మా పని తుపాకి పట్టుడు గాదు బిడ్డా. రోడ్లేసుడు, మోతలు మోసుడు. ఆ దేశంల కొండలు, వానలు. ఒకసారి వానలకు దారి తెగిపాయె. విమానంల నుంచి బస్తాలు పడాలె మాకు. మబ్బులకు విమానం రాలె. బిస్కెట్లు గూడ అయిపోయినయ్. మనోడు ఒకడుండె, మన భాషోడు, సముద్రం దిక్కు నుంచి వచ్చినోడు. నాకంటె చిన్నోడు. నా ఎంటనే తిరిగెటోడు. అన్నా, నీకు అడవి తెలుసు కదా, ఏదైనా చూడు అన్నడు."

తాత వెతికితే మూడాకుల ముళ్ళతీగ కనిపించింది. అచ్చం మా అడవిలో ఉండే చేదు దుంప తీగ. అంత దూరదేశంలో సొంతూరి తీగ కనిపించేసరికి ఏడుపొచ్చిందట. తవ్వాడు, పల్చగా కోశాడు, వాగులో పెట్టాడు.

"మూడు రాత్రులుండాలె. ఒక్క రాత్రికే హవల్దార్ వచ్చి, రేపు పొద్దున లేస్తున్నం అన్నడు. వదిలిపెట్టి పోవుడెట్ల? అందరు ఆకలితోని సూస్తున్నరు. ఉడకబెట్టిన. ముందు నేనే తిన్న. చేదుగనే ఉండె. కని ఆ దినాలల్ల నాకు అన్నీ చేదే. చలిజరం రాకుండ రోజు పసుపు గోలి మింగించెటోళ్ళు. ఒంట్ల జరం గూడ ఉండె. నీళ్ళు తాగినా చేదే. గోలి చేదు అనుకున్న. తినొచ్చు అన్న. జరసేపు ఆగి సూద్దమని తోచలె."

ఐదుగురు తిన్నారు. నలుగురు కక్కుకుని, పొర్లి, బతికారు.

"వానికి ఎక్కువ పెట్టిన" అన్నాడు తాత. "చిన్నోడు గదా అని."

ఆ మాట అని, గొంతు తగ్గించి వంటింటి వైపు చూశాడు. నాయనమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమెకు కూడా ఇది తెలియదని అప్పుడు అర్థమైంది.

"పొద్దు గూకక ముందే పాయె. కాయితంల జరం అని రాసిన్రు. గంతేనా అని నన్నడిగిన్రు. అవ్ అన్న. వాళ్ళింటికి అదే పోయుంటది, జరంతోని పోయిండని."

నాకు నా పళ్ళెం గుర్తొచ్చింది. ఆయనకూ అదే గుర్తొచ్చినట్టుంది.

"నువ్వు ఆ దినం జరం నుంచి లేచి వచ్చినవ్. జరం నోటికి చేదు తెల్వదు. అది బీరకాయ అని నాకు తెల్వదా? బీరకాయల గూడ ఒక్కోటి చేదుంటది. గంతనే నాకు తోచింది. చెయ్యి నా మాట ఇనలె."

మేమంతా ఆయన ముందు తినడం ఒక్కటే చూశాం. ఆ నాలుగు ముద్దలు తిని ఆగినవాడు, మేమంతా తిని లేచాక, గిన్నెలో మిగిలింది పెట్టుకుని అందరికంటే చివర తినేవాడు. దొర ఎక్కడైనా చివర తింటాడా? అంత మందిమి ఉండి ఒక్కరమూ అది ఆలోచించలేదు.

"మీ నాయనకు చెప్పకు" అన్నాడు తాత. "చెప్తే వస్తడు. ముసలోడు పాపమని వచ్చి తింటడు. నాకు గట్ల వద్దు. పిల్ల నోటి కాడి బువ్వ కొట్టింది కొట్టిందే. మల్ల, కొడుకు ముందల తల దించుకొనుడు నాతోని గాదు."

చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. వేశాను.

నాలుగు రోజులు ఆగాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ అనేది. నిజానికి ఈసారి తప్పు నా నోటిది కాదు. ఎనిమిదేళ్ళుగా నేను వెతుకుతున్నది నా చేతికి దొరికింది. దాన్ని పట్టుకుని ఊరుకోమంటే ఎలా? ఐదో రోజు బస్సెక్కి కొత్తగూడెం పోయాను.

నాన్న మొదటి షిఫ్టు దిగి వచ్చి క్వార్టర్ మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. ఒక బూటు విప్పి రెండోది అలాగే ఉంచి విన్నాడు. బొగ్గు అంటిన మొహంలో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నీకు చెప్పిండా?"

"అవ్."

"నాకెందుకు చెప్పలె?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నా వైపు తిరిగాడు. "నాకు చెప్పొద్దన్నడా?"

"అవ్."

"మరెందుకు చెప్పినవ్?"

"నా పళ్ళెం మూలంగనే గద నాయనా ఇదంత."

నాన్న రెండో బూటు విప్పి, స్నానం చేసి, ఆ పూట తినకుండా పడుకున్నాడు. సంతోషిస్తాడని వచ్చాను. ఆయన బాధపడ్డాడు. తండ్రి తనకు చెప్పుకోలేదన్న బాధ అది. నాకది అప్పుడు అర్థం కాలేదు, ఎందుకిలా ఉన్నాడని విసుక్కున్నాను కూడా.

మూడు వారాల తర్వాత, వారం సెలవు రోజున, నన్ను వెంటబెట్టుకుని ఊరికి వచ్చాడు. ఇంటికి చేరేసరికి అన్నం వేళ అయింది. నాన్న కాళ్ళు కడుక్కుని, ఎప్పటిలా వాకిట్లో ఆగకుండా లోపలికి వచ్చి గోడ వారగా కూర్చున్నాడు.

నాయనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇంకొక పళ్ళెం తీసి కొంగుతో తుడిచి ఆయన ముందు పెట్టింది. అన్నం పెట్టింది, చింతచిగురు పప్పు పోసింది. వడ్డిస్తుంటే ఆమె చేతి గాజులు పళ్ళేనికి తగులుతూనే ఉన్నాయి.

తాత నాలుగు ముద్దలు తిన్నాడు. పప్పు నాకి చూశాడు. పళ్ళెం పక్కకు జరిపి గుంజ నీడ వైపు చూశాడు. నాన్న కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుని నీడ వైపే చూస్తూ కూర్చున్నాడు. అన్నం మీద ఆవిరి తగ్గిపోయింది. ఎనిమిదేళ్ళ కింద ఇదే ఆగడం గురించి ఈ ఇంట్లో తిండి వదిలిన మనిషి, ముద్ద కూడా కలపకుండా ఆగాడు. తాత ఒకసారి కొడుకు మొహం చూశాడు. ఆ ఆగడంలో ఏదో కొత్తది ఉందని ఆయనకు తెలిసిపోయింది. అప్పుడు నా వైపు తిరిగాడు.

తిట్టలేదు. కోపంగా కూడా చూడలేదు. చూసి, మళ్ళీ నీడ వైపు తిరిగాడు.

నీడ జరగాల్సినంత జరిగింది. "తిను బిడ్డా" అన్నాడు తాత.

నాన్న తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. నాయనమ్మ పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. నేను కళ్ళు తుడుచుకుంటూ తిన్నాను. అంత రుచైన పప్పు మళ్ళీ తినలేదు. నా జీవితంలో సంతోషమైన రోజేదని ఎవరైనా అడిగితే, పెళ్ళి రోజు, ఉద్యోగం వచ్చిన రోజు కాదు, ఆ రోజే చెప్తాను.

ఆ సంతోషానికి నేను ఇచ్చుకున్నది ఏంటో తర్వాత తెలిసింది. తాత ఇంకా ఆరేళ్ళు బతికాడు. ఆ ఆరేళ్ళలో నాతో ప్రేమగానే ఉన్నాడు. బస్సు దగ్గరికి వచ్చేవాడు, చదువెట్లుందని అడిగేవాడు, తునికి పండ్లు దాచి పెట్టేవాడు. కానీ మనసులో మాట ఒక్కటి కూడా మళ్ళీ నాకు చెప్పలేదు. ఆ చనిపోయిన మనిషి పేరేంటి, ఏ ఊరు అని నేను ఆ రోజు అడగలేదు. తర్వాత అడగొచ్చులే అనుకున్నాను. రెండుసార్లు అడిగాను కూడా. మొదటిసారి విననట్టు ఊరుకున్నాడు. రెండోసారి "మీ నాయనకు చెప్పిన" అన్నాడు, అంతే.

అవును, నాన్నకు చెప్పాడు. ఆ ఏడాది చలికాలంలో తండ్రీకొడుకులు ఇద్దరూ సత్తుపల్లి బస్సెక్కి నాలుగు రోజులు ఎటో పోయొచ్చారు. ఎక్కడికని నాయనమ్మ అడిగితే "పనుండె" అన్నారు. వచ్చిన మర్నాడు తాత పొద్దెక్కేదాకా పడుకున్నాడు. నాయనమ్మ భయపడి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

ఇప్పుడు అమ్మా నాన్నా నా దగ్గరే ఉంటారు, పాల్వంచలో. మా ఆయన పవర్ స్టేషన్లో షిఫ్టులకు పోతాడు, నేను బడికి పోతాను, నాన్న ఇల్లు కనిపెట్టుకుని ఉంటాడు. మొన్న ఆదివారం ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, ఆ నాలుగు రోజులు ఎక్కడికి పోయొచ్చారని మళ్ళీ అడిగాను.

"ఎందుకిప్పుడు?" అన్నాడు.

"తాత గురించి రాస్తున్న నాయనా."

నాన్న మజ్జిగ పోసుకుని కలిపాడు. చెప్పడేమో అనుకున్నాను.

"చెల్లెలుండె వానికి" అన్నాడు. "ముసలామె. మీ తాత కూసొని మొత్తం చెప్పిండు, ఏం దాచలె. ఇని ఆమె లేచి లోపటికి పోయింది. చానసేపు రాలె. ఇగ మేం లేచి పోదమనుకుంటున్నం, అప్పుడు అన్నం వండుకొని వచ్చింది."

"తాత తిన్నడా?"

"చెయ్యి వణికి ముద్ద పడిపాయె. రెండుసార్లు పడిపాయె. ఆమె పక్కన కూసొని, కలిపి పెట్టింది. చిన్న పిలగానికి పెట్టినట్టు."

నేను నీళ్ళ గ్లాసు జరిపాను. ఆయన తాగాక, "పేరేంది నాయనా?" అన్నాను.

"నీకు చెప్పొద్దన్నడు."

"ఇప్పుడు తాత లేడు గద."

"ఒట్టేసిన" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా చెయ్యి కడుక్కుంటూ.

ముప్పై ఏళ్ళ పైనే అయింది. నాన్న ఆ పేరు తన తోడబుట్టిన వాళ్ళకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఒట్టు తప్పినదాన్ని నేను, నిలబెట్టుకున్నవాడు ఆయన. చివరికి తాత ఆ పేరు సరైన మనిషికే చెప్పాడు.